జియోట్యాగ్ ఫోటో గారికి ఒక లెక్చరర్ రాయునది

మహారాజశ్రీ జియోట్యాగ్ ఫోటో గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి పెన్ను ఆపాను, ఎందుకంటే ఆధారం జతచేయకుండా ఒక్క వాక్యం కూడా రాయకూడదని మా ఐక్యూఏసీ, అంటే కాలేజీ నాణ్యత చూసుకునే విభాగం, కోఆర్డినేటర్ గారు పోయిన జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చారు. క్షేమానికి ఏ ఫోటో పెట్టాలో తోచలేదు, కొట్టేశాను. మీరు మాత్రం క్షేమమే అని తెలుసు. మా కాలేజీలో ఏసీ గది, రెండు హార్డ్ డిస్కులు, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగే మనిషి ఉన్నది మీకొక్కరికే.

మొదట్లో మిమ్మల్ని చిన్నచూపు చూసిన మాట నిజం. మామూలు గ్రూప్ ఫోటోనే కదా, కింద ఓ నల్లపట్టీ, అందులో బుల్లి మ్యాపు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము, అంతేగా అనుకున్నాను. మీ మహిమ తర్వాత తెలిసింది. చుక్క తర్వాత ఆరు అంకెల దాకా వేస్తారు మీరు, లెక్క ప్రకారం అది జానెడు కన్నా తక్కువ తేడా. అంటే సెమినార్ హాల్లో నేను ఏ కుర్చీలో కూర్చున్నానో కూడా మీకు తెలుసన్నమాట. ఎందుకు కూర్చున్నానో, ఎన్నింటి దాకా కూర్చోబెట్టారో రాయడానికి మాత్రం ఆ పట్టీలో చోటు లేదు.

కాలేజీలని తనిఖీ చేసి గుర్తింపునిచ్చే నాక్ పుట్టింది 1994లో, ఉండేది బెంగళూరులో. మా సీనియర్లు చెప్పేదాన్నిబట్టి ఒకప్పుడు పీర్ టీం అనే తనిఖీ బృందం వచ్చి, నాలుగు గదులు తిరిగి, నలుగురితో మాట్లాడి, భోంచేసి వెళ్లేవారట. 2017లో పద్ధతి మారింది. ఏడు క్రైటీరియాలు, వెయ్యి మార్కులు, అందులో సుమారు 70 శాతం ముందే ఆన్‌లైన్‌లో పంపే అంకెల మీదే తేలిపోయేవి. అంకె వేస్తే ఆధారం అడిగేవారు, ఆ అంకెలు సరిచూసే డీవీవీ వాళ్లు పోర్టల్లో క్లారిఫికేషన్ పెట్టేవారు, గడువులోగా ఆధారం వెళ్లాలి. ఆధారం అంటే ఎవరండీ? మీరే. పాఠం చెప్పానంటే ఎవరూ నమ్మరు, పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి మీరు సాక్ష్యం చెబితే నమ్ముతారు. దాంతో నేను ఇప్పుడు బోర్డు వైపు కాకుండా కాస్త ఏటవాలుగా, ముఖం కనబడేలా నిలబడి పాఠం చెప్పడం నేర్చుకున్నాను.

అసలు విషయానికి వస్తాను. మొదటి క్రైటీరియాలో సంస్థ వాతావరణం మీద విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగాలిచ్చేవాళ్లు, పూర్వ విద్యార్థుల దగ్గర అభిప్రాయం తీసుకోవాలని ఉండేది. మంచిదే. పిల్లల సంతృప్తి సర్వే అయితే నాక్ వాళ్లు నేరుగా పిల్లలకే పంపి, 21 ప్రశ్నలు అడిగేవారు. మా ఫారం మాత్రం మా ఆఫీసులోనే పుట్టి, ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీదుగా నడిచి, ఫైల్లో కన్నుమూస్తుంది. ‘ఇక్కడి పని వాతావరణం ఎలా ఉంది?’ అన్నదానికి పోయినేడాది అందరూ ‘ఎక్స్‌లెంట్’ అనే టిక్కు పెట్టారు. అరవై చిల్లర ఫారాలు, రెండే చేతిరాతలు. ఒకటి నాది. నా టిక్కు కొంచెం తోక ఎక్కువ వస్తుంది, గుర్తుపడతారని పెన్సిలుతో సాధన చేసి మరీ పెట్టాను.

మీకు డే కేర్ సెంటర్ గుర్తుందా? ఫైల్లో మీ నంబరు ఏదో నాకు తెలీదు, కానీ ఆ రోజు కెమెరా పట్టుకున్నది నేనే. పిల్లల తల్లుల కోసం సదుపాయం ఉన్నట్టు చూపాలన్నారు. ఎగ్జామ్ సెక్షన్ పక్కన జవాబు పత్రాల కట్టలు పెట్టే గది ఒకటుంది, కట్టలు కారిడార్లోకి మార్చారు, గోడకి రంగుల బెలూన్లు అంటించారు, లైబ్రరీలోంచి తివాచీ వచ్చింది. బొమ్మలెక్కడివి? కెమిస్ట్రీ మేడం మూడేళ్ల కొడుకు సైకిల్ తెచ్చారు. అప్పుడు పెద్దసారు గుమ్మంలో నిలబడి, ‘గది ఖాళీగా ఉందేంటమ్మా, పిల్లలు కనబడాలి కదా’ అన్నారు. ఆవిడ ఆటో ఎక్కి ఇంటికెళ్లి పక్కింటివాళ్ల దగ్గరున్న పిల్లాడిని తీసుకొచ్చారు. వాడు అమ్మ పనిచేసే చోటు చూడడం అదే మొదటిసారి. సైకిలెక్కి గది చుట్టూ మూడు రౌండ్లు కొట్టాడు, మీరొచ్చారు, పది నిమిషాల్లో పని అయిపోయింది. సైకిల్ ఆటోలోకి, కట్టలు మళ్లీ గదిలోకి. దిగనంటూ వాడు పెట్టిన ఏడుపు ఎగ్జామ్ సెక్షన్ అంతా వినపడింది.

అంతకు ముందు నెలలోనే ఆ పిల్లాడికి నూట మూడు జ్వరం. ఆవిడ గంట పర్మిషన్ అడిగి, హెచ్‌వోడీ గారు సీట్లో లేకపోతే కాగితం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. తర్వాతి రోజు మెమో వచ్చింది. మెమోకి జియోట్యాగ్ అక్కర్లేదట, అడిగాను.

ఆరో క్రైటీరియాలో వంద మార్కులుంటే, అందులో ఓ మూల బోధన, బోధనేతర సిబ్బందికి సంక్షేమ చర్యలున్నాయా అని అడిగేవారు. ఉన్నాయండీ. ‘ఒత్తిడి నిర్వహణపై వర్క్‌షాప్’ పెట్టారు. సాయంత్రం నాలుగున్నరకి బయోమెట్రిక్ పడ్డాక, బస్సులు వెళ్లిపోయాక, అయిదు నుంచి ఏడు దాకా. రాకపోతే సెలవు కోత అని వాట్సాప్ గ్రూప్‌లో హెచ్చరిక. కళ్లు మూసుకుని దీర్ఘశ్వాస తీసుకోమని గురువుగారు అంటుంటే, వెనక నుంచి ‘కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నట్టు వస్తున్నారు, సగంమంది తెరవండి’ అని కేక. నేను తెరిచిన సగంలో ఉన్నాను, మూడో వరసలో చూసుకోండి. అదే కూర్చోబెట్టడంలో ఫ్లెక్సీ మార్చి మహిళా సాధికారత కూడా లాగించేశారు. ఆడవాళ్లు చున్నీలు ఒకరివొకరు మార్చుకున్నారు, మగవాళ్లకి ఆ బాధ లేదు, చొక్కా ఎవరూ పట్టించుకోరు. తేదీ సంగతా? ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్తే కాలం ఎంత వెనక్కంటే అంత వెనక్కి నడుస్తుంది. ఇంత నిజాయితీగల మనిషి మీరు, తేదీ దగ్గర మాత్రం ఎవరేం చెబితే అదే నమ్ముతారు.

(అటెండర్లకి కూడా ఓ సదుపాయం ఉంది, రెస్ట్ రూం. తలుపు మీద బోర్డు నేనే రాయించాను. లోపల జనరేటర్ ఉంది.)

ఇంత హంగామా ఎందుకంటే అప్పటి గ్రేడ్ల లెక్కలో 3.00 వస్తే బీ ప్లస్ ప్లస్, 3.01 వస్తే ఏ. ఆ 0.01 కోసం మాలో ఒకరు పెళ్లిచూపులు వాయిదా వేసుకున్నారు, ఇంకొకరు డెలివరీ సెలవులో ఉండగా ఎక్సెల్ షీట్ పూర్తి చేసి పంపారు. ఏ వస్తే గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, వేసవిలో మేము ఊళ్లు తిరిగి అడ్మిషన్లు పట్టేటప్పుడు కరపత్రం మీద పెద్ద అక్షరం. ఆ తిరిగిన ఊళ్లకి మాత్రం ఎవరూ మిమ్మల్ని పిలవలేదేమండీ? ఎండలో మీ నల్లపట్టీ బాగా కనబడేది. జీతం రెండు నెలలు ఆలస్యమైనప్పుడు, మా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో ఎన్నో అరలో ఉన్నాయో చూడాల్సి వచ్చినప్పుడు కూడా మీరు రాలేదు.

2024 జనవరిలో గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉందా లేదా అన్న పద్ధతి, ఆపైన మెచ్యూరిటీ చూసి ఐదు లెవెల్స్ తెస్తామని ప్రకటించినప్పుడు స్టాఫ్ రూంలో టీ తాగుతూ కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మెచ్యూరిటీకి ఏం ఆధారం అడుగుతారో అన్న టెన్షన్ ఆ మర్నాడే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఒక నాక్ తనిఖీ బృందం చైర్మన్‌నే సీబీఐ లంచం ఆరోపణ మీద అరెస్టు చేసిన రోజైతే అందరం ఫోన్లలో తలలు దూర్చి ఒకే వార్త చదువుతున్నాం. కోఆర్డినేటర్ గారు లోపలికొచ్చి, ‘అది కోర్టు చూసుకుంటుంది, ఆరో ఫోల్డర్లో రెండు ఫోటోలు మసగ్గా ఉన్నాయి, ఎవరివి?’ అన్నారు.

నావే. చెయ్యి వణికింది, ఆ రోజు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు.

ఈ ఉత్తరం చేరగానే జవాబు రాయక్కర్లేదు. వీలైతే ఒక్కసారి, ఫ్లెక్సీ లేనప్పుడు, ఎవరూ ‘నవ్వండి’ అననప్పుడు, రాత్రి ఏడూ నలభైకి స్టాఫ్ రూంకి రండి. లైటు వేసే ఉంటుంది.

ఇట్లు,
మూడో వరసలో, ఎడమ నుంచి నాలుగో మనిషి

తా.క.: ఈ ఉత్తరం మీద తేదీ వేయలేదు. ఏ అకడమిక్ ఇయర్ ఫైల్లో తక్కువైతే అందులో పెట్టుకోండి.