ఉడుతకు పిచ్చి పట్టలేదు, గూడు పీకకండి

విశాఖలో మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఉడుత కూడా ఎలుకేనట. తోక విదిలిస్తూ ఆగకుండా అరిస్తే పిచ్చి పట్టినట్టట, కరిస్తే రేబీస్ ఖాయమట. అందుకని గూడు కనబడగానే పీకేయాలట. పిల్లలు దొరికితే, మనిషి చెయ్యి తగిలాక తల్లి ఎలాగూ రాదు కాబట్టి ఆవుపాలు పట్టి పెంచాలట. ఇది నమ్మి గూళ్లు పీకేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ఎలుకా ఉడుతా రెండూ కొరికే జంతువులే, కుటుంబాలు మాత్రం వేరు. ఎలుక ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. మన మూడు చారల ఉడుత పొద్దున్నే బయల్దేరి చీకటి పడకముందే గూటికి చేరుతుంది.

ఆ అరుపు పిచ్చి కాదు, హెచ్చరిక. ఈసారి అరుస్తున్నప్పుడు దాని చూపు ఎటుందో గమనించండి. కింద పిల్లి గానీ, పక్కకొమ్మ మీద కాకి గానీ, జెముడుకాకి గానీ ఉంటుంది. ప్రతి అరుపుకీ తోక ఒక్కసారి ఎగురుతుంది. ఆపద పోయేదాకా అలా నిమిషాల తరబడి అరుస్తూనే ఉంటుంది.

ఇక రేబీస్. మన దేశంలో మనుషులకు అది దాదాపుగా కుక్కకాటు వల్లే వస్తోంది. ఉడుతల్లో రేబీస్ కనిపించడం చాలా చాలా అరుదు. అయినా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి. టీటీ అవసరం పడొచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది పిల్లల సంగతి. మనిషి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి పిల్లను వదిలేయదు. గూడు చెదిరితే ఒక్కో పిల్లనూ నోట కరచుకుని ఇంకో చోటికి మోసుకుపోతుంది. అప్పుడు పిల్ల ఉండలా ముడుచుకుని తల్లి మెడకు అతుక్కుని ఉంటుంది. కళ్లు తెరవని పిల్ల కిందపడితే ముందు వెచ్చగా ఉంచండి. చిన్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, పిల్లికి అందని ఎత్తులో, గూటికి దగ్గరగా పెట్టి దూరంగా జరగండి. తల్లి వచ్చేది పగలే. చీకటి పడినా రాకపోతే లోపలికి తెచ్చి, వన్యప్రాణుల రక్షణ తెలిసినవాళ్లకో పశువైద్యుడికో చూపించండి. ఆవుపాలు మాత్రం పట్టొద్దు. విరేచనాలు పట్టుకుంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి డ్రాపర్‌తో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చచ్చిపోతుంది.

ఉడుత వైర్లు కొరుకుతుందన్న ఫిర్యాదు నిజమే. ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాల్సిందే. ఇక ఇళ్లలో గూడు పెట్టడమంటారా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ ఊళ్లో వేల చెట్లను కూల్చేసింది. చెట్టు లేనిచోట ఏసీ యూనిట్ వెనకో, సన్‌షేడ్ మీదో కొబ్బరిపీచు, గుడ్డపేలికలు, దూది పోగేసి గూడు పెట్టక ఏం చేస్తుంది? ఒక ఈతకు సాధారణంగా రెండు మూడు పిల్లలు. దాదాపు పది వారాలకు పాలు మానేస్తాయి. అందాకా ఓపిక పట్టి, గూడు ఖాళీ అయ్యాక ఆ సందును ఇనుప జాలీతో మూయించి, వైర్లకు గట్టి పైపు తొడిగించండి.