సోలు లేని సాధకుడు

స్నేహితులతో కలిసి కొండ ఎక్కితే మనసు తేలికవుతుందనీ, అహంకారం కరుగుతుందనీ మా కెప్టెన్ చాలాకాలంగా చెబుతున్నాడు. ఏ జట్టుకు కెప్టెనో ఎవరూ అడగలేదు. వాట్సాప్ గ్రూపు తనే పెట్టాడు కాబట్టి పదవి కూడా తనే తీసుకున్నాడు. గ్రూపులో అతను కాక నేనూ, హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారూ, ఏ ఊరెళ్లినా ముందు టిఫిను ఎక్కడ బాగుంటుందో వాకబు చేసే మా బావా ఉన్నాం. కార్తీకం దాటగానే అహోబిలం అనుకున్నాం. పైన జ్వాలా నరసింహస్వామి దర్శనం, ఓపిక మిగిలితే ఇంకా పైనున్న ఉగ్రస్తంభం శిఖరం. ఓపిక సంగతి మిగతా ముగ్గురం చూసుకోవాలి, తనకు ఎటూ ఉంది అన్నాడు కెప్టెన్.

అనుకున్న రోజు నుంచే గ్రూపులో జాబితాలు మొదలయ్యాయి. తలకు కట్టుకునే లైటు, విజిల్, ఓఆర్ఎస్ పొట్లాలు, మడతపెట్టే చేతికర్ర. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో: "ట్రెక్కింగ్ షూ తప్పనిసరి. చెప్పులతో వచ్చినవాళ్లని కింద గుడి దగ్గరే వదిలేస్తాను." బావ ఆ మెసేజ్‌కి దండం బొమ్మ పెట్టి, రోజూ పాలప్యాకెట్‌కి వేసుకెళ్లే చెప్పులతోనే కారెక్కాడు.

కెప్టెన్ షూ మాత్రం చూసి తీరాల్సిందే. హిమాలయాలకు వెళ్దామని ఎప్పుడో తొమ్మిది వేలు పోసి కొన్నాడు. హిమాలయాలకు మొదట లీవు అడ్డొచ్చింది, తర్వాత కరోనా, ఆ తర్వాత మోకాలు. షూ మాత్రం అట్టపెట్టెలో, పల్చటి తెల్ల కాగితం చుట్టుకుని, తేమ పీల్చే చిన్న పొట్లంతో సహా బీరువా మీద తపస్సు చేస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లకు దానికి విముక్తి. మట్టి అంటని ఆ షూని కారు డిక్కీలో నిలబెట్టి, బావ ఉగ్గాని పొట్లం దాని మీద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

నంద్యాల, ఆళ్లగడ్డ దాటి, రోడ్డు పక్కన శిల్పులు చెక్కుతున్న సగం సగం దేవుళ్లను చూసుకుంటూ దిగువ అహోబిలం చేరాం. ప్రహ్లాదవరదుడికి దండం పెట్టుకుని ఎగువకి వెళ్లాం. అక్కడ కర్రలు అమ్మే కుర్రాడు బావకొకటి, మాస్టారుకొకటి, నాకొకటి ఇచ్చి, కెప్టెన్ మడతకర్రని రెండు వైపులా తిప్పి చూశాడు. "కోతికి ఇది భయం ఉండదు సార్" అన్నాడు. కెప్టెన్ నవ్వి ఊరుకున్నాడు. అప్పటికి అతను ఇంకా నవ్వుతున్నాడు.

నడక మొదలవగానే మాస్టారు క్లాసు మొదలైంది. ఆళ్వారులు పాడిన విష్ణు క్షేత్రాలు, అంటే నూట ఎనిమిది దివ్యదేశాల్లో తెలుగునేల మీద ఉన్నవి రెండే, ఒకటి తిరుమల, రెండోది ఇది. తిరుమంగై ఆళ్వారు వచ్చి చూసి, దైవానికి తప్ప మరొకరికి చేరరాని చోటని పాడారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఒక ముసలమ్మ, ఉత్త కాళ్లతో, చేతిలో స్టీలు క్యానుతో, "పక్కకి జరగండి నాయనా" అంటూ మమ్మల్ని దాటిపోయింది.

"ఆ కాలంలో ఇలాంటి షూ లేవు మాస్టారూ, ఉంటే ఆళ్వారు అలా అనేవారు కాదు" అన్నాడు కెప్టెన్, పాదం కొంచెం పైకెత్తి చూపిస్తూ.

క్రోడ నరసింహస్వామి గుడి దాటాం. భవనాశిని వాగు పక్కనే దారి, అంతా గుండ్రాళ్లు. కాసేపటికి వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. టప్, టప్. ఎవరో చప్పట్లు కొడుతూ వస్తున్నట్టుంది. మేం ఆగితే అదీ ఆగుతోంది. బావ వంగి చూశాడు. కెప్టెన్ కుడి షూ మడమ దగ్గర నోరు తెరిచి, అడుగు వేసినప్పుడల్లా ఏదో చెప్పబోయి మూసుకుంటోంది.

"గమ్ పోయినట్టుంది, ఏం కాదు" అని కెప్టెన్ ఒక రాయి మీద కూర్చుని సోలు పట్టుకుని చిన్నగా లాగాడు. మొత్తం చేతికొచ్చింది. కింద రబ్బరు భాగం గట్టిగానే ఉంది, పైన తోలు మెరుస్తూనే ఉంది. మధ్యలో ఉండాల్సిందే లేదు. వేలు పెడితే పుట్నాలపొడిలా జలజలా రాలింది.

ఇలాంటి షూల్లో అడుగు మెత్తగా ఉండటానికి పాలీయూరిథేన్ అనే నురగ పొర వేస్తారని ఇంటికొచ్చాక చదివాను. గాలిలో తేమకి అది లోపల్లోపలే విరిగిపోతుందట. నడిచినా నడవకపోయినా దాని ఆయుష్షు దానిదే, పెట్టెలో దాచినంత మాత్రాన ఆగదు. ఈ ముక్క ఆ సమయంలో ఎవరికీ తెలీదు కాబట్టి తలో సిద్ధాంతం చెప్పాం. ఇది డూప్లికేట్ అన్నాడు బావ. షాపువాడు తొమ్మిది వేలకు బిల్లిచ్చాడని కెప్టెన్ అరిచాడు. "స్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఈ కొండ మీదే కదా" అన్నారు మాస్టారు, చాలా నిదానంగా, "చెయ్యి అలవాటు పోదు."

ఇక సామాను తీశాం. తలకు కట్టే లైటుంది, పగలు పదకొండు గంటలైంది. విజిలుంది, ఊదితే ఎవరు రావాలి? ఓఆర్ఎస్ కలిపి కెప్టెన్ చేత తాగించాం. బెత్తెడు తాడు మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు.

అంతలో డోలీ మోసేవాళ్లు ఖాళీగా దిగుతూ మా దగ్గర ఆగారు. ఒకాయన షూ వంక చూశాడు, తర్వాత కెప్టెన్ పొట్ట వంక చూశాడు. పక్కాయనతో ఏదో గొణిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. కెప్టెన్ ముఖంలో మొదటిసారి వైరాగ్యం కనిపించింది. చివరికి మొదటాయనే జాలిపడి, డోలీకి చుట్టిన నైలాను తాడు ముక్క కోసి, సోలుని పాదానికి అడ్డంగా నాలుగు చుట్లు చుట్టి, పైన బిగించి ముడేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "స్వామి దగ్గరికి పోతాండారు, ముడికి డబ్బులేంది సార్" అన్నాడు.

ఆ ముడి గట్టిదే. పోయింది ఎడమది.

జ్వాలా నరసింహస్వామి గుహ దగ్గర పై నుంచి నీళ్లు ధారగా దారి మీదే పడుతుంటాయి. తడుస్తూ దాటాలి. అక్కడే రెండో సోలు విడిపోయి, ధార తోసిన వైపుకి జారి, అంచు దాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి కిందికి దూకింది. కెప్టెన్ రెండు చేతులూ చాచాడు కానీ, షూ కోసం దూకేంత భక్తి అతనికి లేదు. నవ్వకూడదని ముగ్గురం చాలా ప్రయత్నించాం. బావ కొండ వైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడుస్తున్నట్టు నటించాడు.

చిత్రమేమిటంటే, దర్శనం అందరికన్నా బాగా జరిగింది కెప్టెన్‌కే. గుహలో చల్లటి రాయి మీద ఉత్త పాదాలతో, తల వంచుకుని, ఏ జాబితా గుర్తురాకుండా నిలబడ్డాడు. ఎత్తు, దూరం, గుండె వేగం అన్నీ చెప్పే చేతిగడియారాన్ని అంతసేపూ ఒక్కసారి కూడా చూసుకోలేదు. అంత నిశ్శబ్దంగా అతన్ని మేం ఎప్పుడూ చూడలేదు. కొండ ఎక్కితే దక్కుతుందంటారే, అదేదో అతనికి కొంత దక్కినట్టే ఉంది. మాకు కూడా ఒక పావుగంట.

బయటికొచ్చేసరికి ఒక కోతి ఆ తోలు షూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల చెయ్యి పెట్టి చూసింది. కింద నుంచి తన చెయ్యే బయటికి రావడం చూసి ఖంగుతింది. వాసన చూసింది. తర్వాత దాన్ని మర్యాదగా పక్కన పెట్టేసి, బావ కొబ్బరిచిప్ప ఎత్తుకుపోయింది.

"మామా, తొమ్మిది వేలది అక్కడ ఉంది, ఇరవై రూపాయలది పోయింది" అన్నాడు బావ.

ఉగ్రస్తంభం సంగతి ఎవరూ ఎత్తలేదు. మాస్టారు మాత్రం తల పైకెత్తి, దూరం నుంచి చూసినా ఫలం వస్తుందని శాస్త్రం అన్నారు. ఏ శాస్త్రమో అడిగే ఓపిక ఎవరికీ లేదు. దిగేటప్పుడు బావ తన పాలప్యాకెట్ చెప్పులు విప్పి కెప్టెన్ ముందు పెట్టాడు. తనకు ఉత్త కాళ్లు చిన్నప్పటి నుంచీ అలవాటేనన్నాడు. బావది చిన్న పాదం. కెప్టెన్ మడమలు రెండు వేళ్ల మేర వెనక్కి పొడుచుకొచ్చాయి. ఆ చెప్పుల మీద వేళ్లతో నడుస్తూ, ఒక చేత్తో మాస్టారు భుజం, ఇంకో చేత్తో కుర్రాడు అమ్మిన నా కర్ర పట్టుకుని దిగాడు. మెట్ల దగ్గర ఆ స్టీలు క్యాను ముసలమ్మ కూర్చుని ఉంది. మెడలో వేలాడుతున్న షూ పైభాగాలను చూసి, "పండక్కి కొత్తవి కొనుక్కోకూడదా నాయనా" అంది.

"ఇవి కొత్తవేనమ్మా" అన్నాడు కెప్టెన్.

కారెక్కగానే పౌరుషం తిరిగొచ్చింది. బిల్లు ఫోటో ఫోన్లోనే ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతలి అమ్మాయి మర్యాదగా పేరడిగింది, మోడలడిగింది, కొన్న సంవత్సరం అడిగింది. సంవత్సరం చెప్పాక కాసేపు ఆగి, "ఇప్పటివరకు ఎన్ని కిలోమీటర్లు వాడి ఉంటారు సార్?" అంది.

కెప్టెన్ మా వంక చూశాడు. "స్వామి దర్శనం చేసుకుని వస్తున్నాం, అబద్ధం చెప్పకు" అని మాస్టారు చెవిలో అన్నారు.

"నాలుగు" అన్నాడు కెప్టెన్.

"నాలుగు వందలా సార్, నాలుగు వేలా?"