పాకం కుదిరితేనే లోహానికి బలం

2016 అక్టోబరు 28న షికాగోలోని ఓహేర్ విమానాశ్రయంలో, పైకి లేవడానికి రన్‌వేపై పరుగు తీస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767 కుడి ఇంజన్‌లో టర్బైన్ డిస్కు (రెక్కలను మోస్తూ వేగంగా తిరిగే లోహపు చక్రం) ఒకటి పగిలింది. దాని ముక్క సుమారు 900 మీటర్ల దూరంలోని గిడ్డంగి కప్పును చీల్చుకుని లోపల పడింది. మంటలు చెలరేగినా విమానంలోని 170 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పగులుకు మూలం ఎన్నో ఏళ్ల కిందట, లోహాన్ని కరిగించినప్పుడే అందులో మిగిలిపోయిన లోపమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

ఆ డిస్కు ఇన్‌కొనెల్ 718 అనే నికెల్ మిశ్రలోహంతో చేసినది. దాదాపు 650 డిగ్రీల సెల్సియస్ వరకు బలం నిలుపుకునే ఈ లోహంలో ఏమేం కలుస్తాయో ఏ లోహశాస్త్ర గ్రంథం తెరిచినా దొరుకుతుంది. బియ్యప్పిండి, బెల్లం ఎవరింట్లోనైనా అవే అయినా, పాకం కుదిరిన ఇంటి అరిసెలే అరిసెలు. ఇక్కడ పాకం పట్టేది కొలిమి. ఇందులోని అల్యూమినియం, టైటానియం గాలి తగిలితే ఆక్సైడ్లుగా, నైట్రైడ్లుగా మారతాయి కాబట్టి మొదటి కరిగింపు శూన్యంలో జరగాలి. డిస్కుల కోసమైతే అలా పోతపోసిన దిమ్మను స్లాగ్ (మలినాలను పీల్చుకునే కరిగిన పొర) కింద ఒకసారి, శూన్యంలో విద్యుత్ ఆర్క్‌తో (ఆగకుండా వెలిగే విద్యుత్ మెరుపుతో) మరోసారి కరిగిస్తారు. ఈ చివరి దశలో లోహం బొట్లు బొట్లుగా, నీటితో చల్లబరిచే రాగి మూసలోకి జారి గడ్డకడుతుంది. ఆర్క్ తడబడితే అంచున పేరుకున్న పెచ్చు ఊడి, పూర్తిగా కరగకుండానే ద్రవంలో మునిగిపోతుంది. ఈ మిశ్రలోహానికి బలమిచ్చే నియోబియం అనే లోహం తక్కువైన ఆ చోటు బలహీనపడుతుంది, ఆక్సైడ్ కూడా అంటుకుని ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. షికాగో డిస్కులో బయటపడింది అలాంటి మచ్చే. పోనీ వేడి పెంచుదామంటే ద్రవం లోతెక్కి, నెమ్మదిగా గడ్డకట్టి, నియోబియం చారలుగా ఒకేచోట పోగై లోహం పెళుసెక్కుతుంది. సీసం, బిస్మత్ వంటివి పది లక్షల్లో కొన్ని పాళ్లు మిగిలినా, వేడిలో దీర్ఘకాలం భారం మోసే శక్తి పడిపోతుంది.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) ఈ కోవ లోహాలనే కరిగిస్తోంది కనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు. స్వదేశీ జెట్ ఇంజన్‌పై మన చర్చలన్నీ డిజైన్, థ్రస్ట్ (ఇంజన్ ముందుకు నెట్టే బలం) చుట్టూనే తిరగడం మాకు వింతగా తోస్తోంది. రసాయన మిశ్రమం సరిపోయిందన్న ధ్రువపత్రంతో కొనుగోలుదారు తృప్తిపడరాదు. ప్రతి దిమ్మకూ ఆర్క్ విద్యుత్తు, శూన్యం, నిమిషానికి ఎన్ని కిలోలు కరిగిందన్న లెక్క మొత్తంగా అడిగి, డిస్కు సర్వీసులో ఉన్నంత కాలం భద్రపరచాలి. ఆర్క్ తడబడినట్టు గ్రాఫులో కనబడితే, టన్నుల బరువున్న దిమ్మనైనా పక్కన పెట్టించే అధికారం కొలిమి దగ్గరున్న ఇంజనీరుకు ఉండాలి, ఆ నష్టానికి అతడిని సంజాయిషీ అడగకూడదు.