‘రంది’కి ఏ గడిలో టిక్కు పెట్టాలి?

“గత రెండు వారాలుగా పనులు చేయడంలో ఆసక్తి లేదా ఆనందం తక్కువగా ఉండటం వల్ల మీరు ఎంత తరచుగా ఇబ్బంది పడ్డారు?” మానసిక ఆరోగ్యం గురించి అడిగే తెలుగు ప్రశ్నాపత్రాల్లో వాక్యాలు దాదాపు ఇలాగే ఉంటాయి. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళకు దీన్ని చదివి వినిపించండి. “ఏందీ?” అంటారు. “మళ్ళీ చెప్పు” అంటారు. మూడోసారికి మిమ్మల్ని విసిగించడం ఇష్టంలేక “అట్లాంటిదేం లేదులే” అంటారు. ఆ జవాబుకు సున్నా. కాగితం మీద ఆ మనిషికి ఏ బాధా లేదు.

డిప్రెషన్‌ను కనిపెట్టడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నాపత్రం 2001లో అమెరికాలో తయారైంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు పాయింట్లు, మొత్తం 27. పదికి చేరితే డాక్టర్ జాగ్రత్తపడాలి. ఇంగ్లిష్‌లో అది పనికొచ్చే సాధనమే, దానితో నాకు పేచీ లేదు. మనసు గురించి ఏ భాషలో, ఎలాంటి మాటలతో అడిగినా ఒకటేనన్న నమ్మకంతోనే నా పేచీ అంతా. ఆ నమ్మకం తప్పని చెప్పే పరిశోధన నలభై ఏళ్ళుగా పోగుపడుతోంది. మన ఆసుపత్రుల దాకా, మన విశ్వవిద్యాలయాల దాకా అది రాలేదు.

మా మేనత్త సంగతి చెప్తాను. మామ పోయిన ఏడాదికి ఆమె బాగా చిక్కిపోయింది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, చదువు రాదు కాబట్టి అక్కడి కుర్రాడు ప్రశ్నలు చదివి వినిపించాడు. నిద్ర పట్టడంలో ఇబ్బందా, మధ్యలో మెలకువ రావడమా, అతిగా నిద్రపోవడమా, మూడూ కలిపి ఒకటే ప్రశ్న. అత్తమ్మ “లేదు సారూ” అంది. నిద్ర లేదని ఆమె అర్థం. ఇబ్బంది లేదని అతను రాసుకున్నాడు. ఆకలి ప్రశ్న దగ్గరా అదే జరిగింది. అన్నీ కలిపి మూడు పాయింట్లు వచ్చాయి. నార్మల్ అన్నారు. ఇంటికొచ్చాక “రంది పెట్టుకున్నవా అత్తమ్మా?” అని అడిగాను. రంది అంటే తెలంగాణ మాటలో లోలోపల తొలిచే దిగులు. “రంది గాకేంది బిడ్డా. బుక్క లోపలికి పోతలేదు. రాత్రంత కన్ను మూతవడ్తలేదు” అంది. అరగంట మాట్లాడింది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. అతని చేతిలో ఉన్న కాగితమే అలాంటిది.

మాటకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ఈ కాలపు పరిశోధనల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు అమెరికా సైకాలజిస్ట్ జేమ్స్ పెనబేకర్. 1986లో అచ్చయిన ప్రయోగంలో ఆయన 46 మంది కాలేజీ విద్యార్థులను తీసుకుని, నాలుగు రోజుల పాటు రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు, కొందరు తమ జీవితంలో పడ్డ దెబ్బల గురించి రాశారు. జరిగినదాన్నీ దానివల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో క్యాంపస్ క్లినిక్‌కు తక్కువసార్లు వెళ్ళారు. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలు వందకు పైగా వచ్చాయి. ప్రభావం చిన్నదే, కానీ ఉంది. బెంగపెట్టుకుంటే పిల్లలకు జ్వరమొస్తుందని మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో అంటున్నారు. లోపల ఉన్నది కక్కేస్తే బరువు దిగుతుందనీ అంటారు.

పెనబేకర్ బృందం అక్కడితో ఆగలేదు. మనిషి వాడే మాటలను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఆ లెక్కల్లో బయటపడిన విషయం విశేషమైనది. బాధను పట్టిచ్చేవి ‘దుఃఖం’ లాంటి పెద్ద మాటలే అనుకుంటాం. వాటికన్నా ‘నేను’, ‘నా’, ‘నాకు’ లాంటి చిన్న మాటలే ఎక్కువ చెప్పాయి. డిప్రెషన్‌లో ఉన్న విద్యార్థుల రాతల్లో ‘నేను’ ఎక్కువగా కనిపిస్తోందని 2004లో తేల్చారు. తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా ఆ సంబంధం బలహీనంగానైనా నిలబడింది. ఇప్పుడు ఫోన్లలో, చాట్‌బాట్లలో మనిషి మాటలు చూసి మానసిక స్థితిని ఊహించే ప్రోగ్రాముల వెనక ఉన్నది ఇదే ఆలోచన.

మరి దీన్ని తెలుగులోకి తెస్తే ఏమవుతుంది?

మన క్రియలోనే కర్త ఉంటాడు. ‘వెళ్ళాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. అది చిన్న విషయం. అసలు విషయం మనం బాధను చెప్పుకునే తీరులో ఉంది. తెలుగు మనిషి బాధను ‘చెయ్యడు’, బాధ అతని దగ్గరికి వస్తుంది. ఏడుపొస్తోంది. భయమేస్తోంది. దిగులేస్తోంది. విసుగు పుడుతోంది. నిద్ర పట్టట్లేదు. మనసొప్పట్లేదు. వీటిలో కర్త స్థానంలో ఉన్నది ఏడుపు, భయం, దిగులు, నిద్ర, మనసు. మనిషి ‘నాకు’ అనే రూపంలో ఓ పక్కన నిలబడతాడు, చాలాసార్లు అదీ ఉండదు. ఇంకా లోతుగా వెళ్తే ఆ మనిషి బదులు శరీరం మాట్లాడుతుంది. గుండె జారిపోయింది, కడుపు తరుక్కుపోయింది, ప్రాణం ఉసూరుమంది, కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నిండా మునిగిన మనిషి పది వాక్యాలు మాట్లాడినా ‘నేను’ ఒక్కసారీ రాకపోవచ్చు. మరి మన మాటల్లో ‘నేను’ ఎప్పుడు గట్టిగా వినిపిస్తుంది? “నేను చెప్పాను కాబట్టే ఆ పని అయింది” అనేటప్పుడు. ఇంగ్లిష్ లెక్కను ఉన్నదున్నట్టు తెలుగు మీద రుద్దితే, గొప్పలు చెప్పుకునేవాడు రోగి అవుతాడు, కుంగిపోయినవాడు ఆరోగ్యవంతుడవుతాడు.

నన్ను ఇంతకన్నా ఉత్సాహపరిచే ప్రశ్న ఇంకొకటుంది. తెలుగులో బాధ ముదురుతున్నప్పుడు వాక్యం ఎలా మారుతుంది? ‘నాకు భయంగా ఉంది’ నుంచి ‘భయంగా ఉంది’కి, అక్కడి నుంచి ‘ఏంటో, ఏమీ బాగోలేదు’కి జారుతుందా? ‘నేను’ పోయి ‘మనం’ వస్తుందా? “మన బతుకింతే” అన్న మాటలోని ఆ ‘మన’ ఏం చెబుతోంది? ఇది భాషాశాస్త్రం, వైద్యం, మనస్తత్వశాస్త్రం కలిసి పనిచేయాల్సిన చోటు. వ్యాకరణం ఇంత సంపద చేతికిస్తుంటే, మన సైకాలజీ విభాగాలు అమెరికా ప్రశ్నాపత్రాల తెలుగు అనువాదాల మీదే మళ్ళీ మళ్ళీ పీహెచ్‌డీలు చేయించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మాటల సంగతి. ‘యాంగ్జైటీ’ని ‘ఆందోళన’ అని రాస్తున్నాం. పేపర్ చదివేవాళ్ళకు ఆందోళన అంటే ముందుగా గుర్తొచ్చేది ధర్నా, రాస్తారోకో. మీకు ఆందోళనగా ఉందా అని ఎవరూ పక్కింటివాళ్ళను అడగరు. టెన్షన్‌గా ఉందా అని అడుగుతారు. తెలంగాణలో రంది, బుగులు, పరేషాన్ ఉన్నాయి. కోస్తాలో బెంగ, దిగులు ఉన్నాయి. ఇవి ఒకదానికొకటి బదులు కావు. బెంగ దూరమైన మనిషి కోసం. రంది లోలోపల తొలిచేది. బుగులు భయానికి దగ్గరిది. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలకూ మనం సొంత అర్థాలిచ్చుకున్నాం. హాస్టల్లో ఉన్న ఇంటర్ పిల్ల “నేను చాలా ఫీల్ అయ్యాను” అంటే, ఎవరో ఆమె మనసు నొప్పించారని అర్థం. ఇంగ్లిష్ ‘ఫీల్’తో దానికి పొత్తు లేదు. ఇది తెలియని కౌన్సిలర్ “ఏం ఫీలయ్యావు?” అని అడుగుతారు. ఆ పిల్ల నోరు మూసేసుకుంటుంది.

చిన్నప్పటి భాషకు ఒంటితో ఉన్న చుట్టరికాన్ని కూడా కొలిచి చూశారు. తుర్కీ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్ళ వేళ్ళకు చర్మం స్పందనను నమోదుచేసే పరికరం తగిలించి, రెండు భాషల్లోనూ మాటలు వినిపించిన ప్రయోగం 2003లో వచ్చింది. చిన్నతనంలో పెద్దవాళ్ళు తిట్టే తిట్లు తుర్కీలో విన్నప్పుడు ఒళ్ళు గట్టిగా స్పందించింది. అదే తిట్టు ఇంగ్లిష్‌లో వింటే ఆ స్పందన బాగా తగ్గింది. “సిగ్గు లేదా నీకు?” అని అమ్మ గొంతులో విన్నప్పుడు లోపల ఏదో ముడుచుకుపోవడం మనందరికీ తెలుసు. డాలస్‌లో ఉండే తెలుగువాళ్ళు ఇంగ్లిష్‌లో థెరపీ తీసుకుంటూ అన్నీ సాఫీగా చెప్పేస్తారు. అలా సాఫీగా చెప్పగలగడం వల్లే అసలు గాయం లోపలే ఉండిపోయే ప్రమాదం ఉందని నా అనుమానం.

దీనికి వైద్యుల వైపు నుంచి ఒక వాదన ఉంది. అన్ని దేశాల్లో ఒకే ప్రశ్నలు అడిగితేనే లెక్కలు పోల్చుకోవచ్చు, జిల్లాకో పత్రం తయారుచేస్తూ పోతే సైన్సు మిగలదు, పైగా రోజుకు వంద మందిని చూసే ఓపీలో రంది, బుగులు వెతుక్కునే తీరిక ఎవరికుంది అంటారు. తీరిక లేదన్నది నిజమే. కానీ తీరిక లేనిచోట తప్పు ప్రశ్న అడిగితే ఆ ఉన్న అయిదు నిమిషాలూ వృథా. పోల్చుకోవడం సంగతికొస్తే, మా అత్తమ్మకు వచ్చిన మూడు పాయింట్లను అమెరికాలో ఎవరి మూడు పాయింట్లతో పోలుస్తారు?

జిల్లాకో పత్రం అక్కర్లేదని, జనం మాటతో మొదలుపెడితే చాలని జింబాబ్వే చూపించింది. అక్కడి షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అనే మాట ఉంది. అతిగా ఆలోచించడం అని అర్థం. “అంత ఆలోచన పెట్టుకోకు” అని మనం అంటామే, అదే. 1990ల్లో హరారేలో పనిచేసిన భారతీయ డాక్టర్ విక్రమ్ పటేల్, ఇలాంటి స్థానిక మాటలు పోగుచేసి 14 ప్రశ్నల షోనా పత్రం తయారుచేశారు. తర్వాత డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ క్లినిక్‌ల ఆవరణలో బెంచీలు వేయించి, శిక్షణ ఇచ్చిన అవ్వలను వాటి మీద కూర్చోబెట్టారు. బాధలో ఉన్నవాళ్ళు వచ్చి అవ్వతో తమ మాటల్లోనే చెప్పుకుంటారు. హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత ఆ 14 పాయింట్ల పత్రంలో మామూలు వైద్యం అందినవాళ్ళ సగటు దాదాపు తొమ్మిది. అవ్వలతో మాట్లాడినవాళ్ళది నాలుగు లోపే. ‘కుఫుంగిసిసా’ అంతకుముందే, 2013లో, అమెరికా సైకియాట్రిస్టుల ప్రామాణిక గ్రంథంలోకి ఎక్కింది.

మన నేల మీద నుంచి కూడా ప్రపంచానికి జవాబు వెళ్ళిన సందర్భం ఉంది. ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు మతిమరుపు జబ్బు ఆలస్యంగా వస్తుందని కెనడా పరిశోధకులు 2007లో అన్నారు. అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవాళ్ళు. ఫలితం భాషలదా, వలస వెళ్ళగల సత్తువదా అన్న సందేహం మిగిలిపోయింది. ఆ సందేహం తీర్చింది హైదరాబాద్. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బే, వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసినవాళ్ళ కన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే నగరం కాబట్టే అది సాధ్యమైంది. పక్షవాతం వచ్చిన 608 మంది మీద 2016లో వచ్చిన అధ్యయనంలో, జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మన జనం మాట్లాడే తీరును పరిశోధనకు ముడిసరుకుగా తీసుకున్నప్పుడు ఎంత దూరం వెళ్ళగలమో ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

అయినా ఖాళీ అలాగే ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మానసిక సాయం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, అది మంచి పని. అక్కడికొచ్చే కాల్స్‌లో జనం వాడుతున్న మాటలను పేర్లు, ఊర్లు తీసేసి, అనుమతి తీసుకుని జిల్లాలవారీగా పోగుచేయడం కష్టం కాదు. వాటిలోంచి ప్రశ్నాపత్రం పుడుతుంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. దండలు వేస్తాం, తీపిదనం గురించి మాట్లాడతాం, బోర్డులు తెలుగులో లేవని కోప్పడతాం. గిడుగు కొట్లాడింది తీపిదనం గురించి కాదు. జనం నోట లేని భాషలో పిల్లలకు చదువు చెప్పడం అన్యాయమని కొట్లాడారు. ఆ కొట్లాట బడి పుస్తకాల్లో గెలిచింది. ఆసుపత్రి కాగితాల్లో, బ్యాంకు ఫారాల్లో, కోర్టు నోటీసుల్లో ఇంకా మొదలే కాలేదు. ‘ఉపక్రమించడం’, ‘నిస్పృహ’, ‘తరచుగా ఇబ్బంది’ లాంటి మాటలు ఆయన వ్యతిరేకించిన గ్రాంథికానికి వారసులే. వ్యావహారిక భాషోద్యమం ముగిసిందని తెలుగు శాఖల్లో పాఠం చెబుతున్నవాళ్ళు ఒక్కరోజు ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చుని చూడాలి.

గిడుగు చేసిన ఇంకో పనిని మనం మర్చిపోయాం. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర మాట్లాడే కుటుంబాలు సీతంపేట కొండల్లో ఈరోజుకీ ఉన్నాయి. బిడ్డను కన్న తర్వాత కుంగిపోయిన సవర తల్లి దగ్గరికి ఏ కాగితం వెళ్తుంది? అమెరికా నుంచి ఇంగ్లిష్‌లో వచ్చి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పుస్తకాల తెలుగులోకి మారిన తొమ్మిది ప్రశ్నలు వెళ్తాయి. ఆమెను ఆమె మాటలో ఏమని అడగాలో ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలుసు. ఆ మాటను రాసుకోవడానికి ఆమె దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు.