1,036కీ 416కీ మధ్య ఉన్నది పొత్తు కాదు

ఎక్కడ వరదొచ్చినా వాట్సాప్‌లో మళ్లీ తేలే పోస్టు ఒకటుంది. సారాంశం ఇది: 2024 వరదలకు కేంద్రం ఆంధ్రకు 1,036 కోట్లు ఇచ్చి, తెలంగాణకు 416 కోట్లతో సరిపెట్టింది, ఎందుకంటే చంద్రబాబు మద్దతు కావాలి. వరద సాయమంతా ఓట్ల లెక్కే. జనం కూడా చేతిలో పదివేలు పెడితే ఓటేసేస్తారు.

మొదటి ముక్క చూద్దాం. అంకెలు నిజమే. 2024 అక్టోబర్ 1న 14 రాష్ట్రాలకు విడుదల చేసిన 5,858.60 కోట్లలోవి అవి. కానీ ఈ రెండు రాష్ట్రాలకిచ్చింది ప్రత్యేక ప్యాకేజీ కాదు. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం ఎలాగూ వేయాల్సిన 75 శాతం వాటాను కాస్త ముందుగా వేశారు. ఏ రాష్ట్రానికెంతో, కేంద్రం నుంచి రాష్ట్రాలకు వెళ్లే నిధుల లెక్క కట్టే 15వ ఆర్థిక సంఘం ఎప్పుడో తేల్చింది. 2020-21కి విపత్తు నిధుల కింద ఆంధ్రకు 1,491 కోట్లు, తెలంగాణకు 599 కోట్లు అంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి భాగించండి, 2.49 వస్తుంది. ఇప్పుడు 1,036ని 416.8తో భాగించండి. అదే 2.49. ఆ లెక్క కట్టినప్పుడు ఆంధ్రలో జగన్ ప్రభుత్వం ఉంది, చంద్రబాబు ప్రతిపక్షంలో ఉన్నారు, ఎన్డీయే నుంచి బయటికొచ్చేసి ఉన్నారు.

నిజానికి గొడవ పెట్టుకోవాల్సింది ఆ లెక్కతోనే. అందులో గతంలో ఎంత ఖర్చు పెట్టారన్నదానికే 70 శాతం వెయిటేజీ. అంటే ఖర్చు పెట్టే స్తోమత ఉన్నవాళ్లకే మళ్లీ ఎక్కువ. కోసీ, గండక్ నదులు ముంచెత్తే బిహార్‌కు అదే 2020-21లో 1,888 కోట్లు, మహారాష్ట్రకు 4,296 కోట్లు. కానీ వెయిటేజీ మీద మీమ్ ఎవరు చేస్తారు?

అయితే ఢిల్లీలో రాజకీయమే లేదా? ఉంది. రాష్ట్ర నిధి చాలనప్పుడు జాతీయ విపత్తు స్పందన నిధికి వెళ్లాలి. రాష్ట్రం నివేదిక పంపాలి, కేంద్ర బృందం వచ్చి చూడాలి, చివరికి హోంమంత్రి అధ్యక్షతన కమిటీ తేల్చాలి. ఇక్కడ ఫైలు ఎంత కాలమైనా ఆగొచ్చు. 2023 కరువుకు కర్ణాటక 18,171 కోట్లు అడిగింది. సుప్రీంకోర్టుకెక్కాక, 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల మధ్యలో సుమారు 3,454 కోట్లు వచ్చాయి. రాష్ట్రాలు పెంచి అడగడం మామూలే, దాన్ని పక్కన పెడదాం. కోర్టు గడప తొక్కాక గానీ డబ్బు కదలకపోవడంలో మాత్రం నాకు రాజకీయమే కనిపిస్తుంది.

ఇక పదివేలకు ఓటు. దీనికి హైదరాబాదే జవాబు. 2020 అక్టోబర్ వానల తర్వాత ముంపు కుటుంబానికి 10,000 చొప్పున ఇస్తామని కేసీఆర్ ప్రభుత్వం 550 కోట్లు విడుదల చేసింది. నవంబర్‌లో ఆధార్ జిరాక్సులు పట్టుకుని మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. అసలు మునిగినవాళ్లకు అందలేదని, గల్లీ లీడర్లు సగం నొక్కేశారని ఆరోపణలు. నవంబర్ 17న జీహెచ్ఎంసీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, మర్నాడే ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. ఓట్ల ఆశ లేదని ఎవరూ అనలేరు. ఫలితం? 2016లో 99 డివిజన్లు గెలిచిన టీఆర్ఎస్‌కు 56 మిగిలాయి. 4 ఉన్న బీజేపీకి 48 వచ్చాయి. పదివేల వల్లే తగ్గాయని నేననను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ పదివేలు ఓటు కొనిపెట్టలేదు.

కోల్, హీలీ, వెర్కర్ అనే పరిశోధకులు మన రాష్ట్రాల ఎన్నికలనే తీసుకుని చూశారు. వానలు చెడితే ఓటరు పాలక పార్టీని శిక్షిస్తాడు. సాయం బాగా చేస్తే ఆ శిక్ష కొంత తగ్గుతుంది, పోదు. అంటే పాలకులు కొత్త ఓట్ల కోసం కన్నా, ఉన్నవి జారిపోకుండా చూసుకోవడానికే ఎక్కువగా డబ్బు తీస్తారని నాకనిపిస్తుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. అప్పటికి ఎన్నికల ఫలితాలొచ్చి మూడు నెలలే. ఓటు కొనడానికే అయితే ఆ డబ్బు 2029 దాకా దాచుకోవాలి కదా.