పులిపిరి మీద సున్నం పనిచేస్తుంది, అసలు సమస్య అదే

దేన్నయినా నమ్మే ముందు పరీక్షించి చూడాలని యూరప్‌కు గట్టిగా చెప్పిన ఇంగ్లిష్ తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్. పదహారేళ్ల వయసులో పారిస్‌లో ఉండగా ఆయన రెండు చేతుల మీదా పులిపిర్లు లేచాయి, తక్కువలో తక్కువ వంద. అక్కడున్న ఇంగ్లండ్ రాయబారి భార్య తోలుతో సహా ఒక పంది కొవ్వు ముక్క తెప్పించి, పులిపిర్లన్నిటి మీదా రుద్ది, ఆ ముక్కను ఎండ తగిలేలా దక్షిణం వైపు కిటికీకి మేకు కొట్టి ఉంచింది. ఐదు వారాల్లో అన్నీ పోయాయి. చిన్నప్పటి నుంచీ వేలి మీద ఉన్న పాతది కూడా పోయింది. కొద్దికాలంలో వచ్చినవి కొద్దికాలంలో పోవడంలో వింతేమీ లేదు గానీ, అన్నేళ్లుగా ఉన్నది పోవడం మాత్రం తన మనసులో నిలిచిపోయిందని బేకన్ రాసుకున్నాడు. 1626లో ఆయన చనిపోయాక అచ్చయిన పుస్తకంలో ఈ ముచ్చట ఉంది.

అంతటి పరీక్షల మనిషినే పులిపిరి తికమక పెట్టింది. ‘మూడు రోజుల్లో మాయం’ అన్న వీడియో చూసి వెల్లుల్లి దంచుకునే మనల్ని తప్పుపట్టడానికి ఏముంది?

మన దగ్గర పంది కొవ్వు బదులు ఆముదం, అరటి తొక్క, కలబంద గుజ్జు, ఉల్లి రసం, వెల్లుల్లి, సున్నం, జిల్లేడు పాలు ఉన్నాయి. ఈ మధ్య ఆపిల్ సైడర్ వెనిగర్ కూడా వచ్చి చేరింది. మొక్కులూ ఉన్నాయి. తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌లో చర్మ బాధలు పోవాలని ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు, కోనేట్లో బెల్లం కలుపుతారు. వీటిలో ఏది తీసుకున్నా ‘మా అత్తయ్యకు పోయింది’, ‘మా బాబుకు పోయింది’ అని సాక్ష్యం చెప్పేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పులిపిర్లు నిజంగానే పోయాయి.

పోవడం వాటి స్వభావం. చేతుల మీద, కాళ్ల మీద గరుకుగా లేచే పులిపిరికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇందులో వందకు పైగా రకాలున్నాయి. మామూలుగా చేతుల మీద కనిపించే రకాలు వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. కాబట్టి వేలి మీద పులిపిరి చూసి ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. ఈ వైరస్ చర్మం పైపొరలోనే కాపురం పెడుతుంది, రక్తంలోకి దిగదు. అందుకే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. గుర్తుపట్టాక మాత్రం ఎన్నాళ్లుగానో ఉన్నవన్నీ కొద్ది వారాల్లో ఒకేసారి రాలిపోవడం చర్మ డాక్టర్లకు కొత్తేమీ కాదు. పిల్లల మీద చేసిన ఒక పరిశీలన 1963లో అమెరికాలో వెలువడింది. అందులో రెండేళ్లలో మూడింట రెండు వంతుల పులిపిర్లు వాటంతటవే పోయాయి. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలను గమనిస్తే, పులిపిర్లున్నవారిలో సుమారు సగం మందికి ఏడాదిలోనే పూర్తిగా పోయాయి.

ఇంకో సంగతి ఉంది. పులిపిరి కనిపించిన రోజునే ఎవరూ వైద్యం మొదలుపెట్టరు. కొన్నాళ్లు చూస్తారు, గిల్లుతారు, విసిగిపోతారు, పెళ్లిచూపులో ఉద్యోగం ఇంటర్వ్యూనో దగ్గరపడ్డాక ఏదో ఒకటి రాయడం మొదలుపెడతారు. అప్పటికే దాని ఆయుష్షు చాలావరకు తీరిపోయి ఉంటుంది. చివర్న ఏది రాస్తే దానికే పేరొస్తుంది.

డాక్టర్లూ ఈ ఉచ్చులో పడ్డారు. 2002లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. పైపులకూ పెట్టెలకూ చుట్టే డక్ట్ టేపును పులిపిరి మీద అతికిస్తే 85 శాతం మందికి తగ్గిందని, చలితో గడ్డకట్టించే క్రయోథెరపీతో 60 శాతం మందికే తగ్గిందని తేల్చారు. టేపుకు ఎక్కడలేని పేరొచ్చింది. తర్వాత నెదర్లాండ్స్ పిల్లల మీద మళ్లీ చూస్తే టేపుతో 16 శాతం, పులిపిరి చుట్టూ ఉత్తుత్తిగా పెట్టిన ప్యాడ్‌తో 6 శాతం మందికి పోయాయి. లెక్కల ప్రకారం ఆ తేడాను గట్టిగా నమ్మడానికి లేదు. అమెరికా పెద్దవాళ్లలో టేపు పెట్టినవాళ్లకు 21, పెట్టనివాళ్లకు 22 శాతం. మొదటి వార్త చేరినంత దూరం ఈ రెండూ చేరలేదు.

అరటి తొక్క, ఆముదం, కలబంద, కోనేట్లో బెల్లం, వీటి మీద నాకు తగాదా లేదు. అవి చేసేదీ లేదు, చెరిపేదీ లేదు. నా పేచీ అంతా నిజంగా పనిచేసేవాటితోనే.

సున్నంలో బట్టల సోడా కలిపి పులిపిరి మీద పెట్టడం చాలా ఊళ్లలో పాత పద్ధతి. ఇప్పుడు వీడియోల్లోనూ తిరుగుతోంది. తడి సున్నం, సోడా కలిసినప్పుడు జరిగేది ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో ఉన్నదే: కాస్టిక్ సోడా తయారవుతుంది. మూసుకుపోయిన డ్రైనేజీ పైపుల్లో పోసేది అదే. తాంబూలంలో సున్నం కాస్త ఎక్కువైతేనే నాలుక పొక్కుతుంది, దానికి సోడా తోడైతే ఇక చెప్పాలా? పైగా ఆమ్లం కంటే క్షారం కాల్చే తీరు మోసకరం. ఆమ్లం తగిలినచోట మాంసకృత్తులు గడ్డకట్టి అడ్డుగోడలా నిలుస్తాయి. క్షారం వాటినీ కొవ్వునూ కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. బొడిపె ఊడింది కదా అని సంబరపడేలోపు కింద గుంట పడుతుంది.

‘ఇది ఆయుర్వేదంలో ఉన్నదే కదా’ అంటారు. ఉంది. సుశ్రుత సంహితలో క్షారం తయారీకి, వాడకానికి ఒక అధ్యాయమే కేటాయించారు. కాల్చిన మొక్కల బూడిదతో, శంఖం లాంటి వాటి సున్నంతో చేసే ఆ మందులోనూ రసాయనం దాదాపు ఇదే. అయితే ఆ అధ్యాయం చదివితే వీడియో చేసేవాళ్లకు చెమటలు పట్టాలి. మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని ఘాటును బట్టి క్షారంలో మూడు రకాలు చెప్పారు. పసివాళ్లకు, ముసలివాళ్లకు, గర్భిణులకు, బలహీనులకు వద్దన్నారు. కీళ్ల మీద, కళ్ల దగ్గర, మర్మస్థానాల మీద పెట్టకూడదన్నారు. పని అయ్యాక పుల్లటి ద్రవంతో దాని ఘాటు చంపాలన్నారు. సుశ్రుతుడు దాన్ని చిట్కాగా చూడలేదు, కత్తితో సమానంగా చూశాడు. ఈనాటికీ ఆయుర్వేద ఆసుపత్రుల్లో భగందరానికి (మలద్వారం దగ్గర పడే ఫిస్టులాకు) క్షారసూత్రం, అంటే క్షారం పూసిన దారం, కట్టేది శల్యతంత్రం అనే ఆయుర్వేద శస్త్రవైద్యం చదివినవాళ్లే.

మిగతావాటి కథా ఇంతే. నల్లజీడి గింజ రసం ఒకప్పుడు చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడేవారు. బట్ట మీద చెరగనిది ఒంటి మీద ఊరుకుంటుందా, బొబ్బలెక్కిస్తుంది. జిల్లేడు పాలు పొరపాటున చేతి నుంచి కంటికి అంటితే పెద్దగా నొప్పి లేకుండానే చూపు మసకబారుతుంది. నొప్పి లేకపోవడంతో జనం ఆలస్యంగా వెళ్తారు. పచ్చి వెల్లుల్లి కట్టి రాత్రంతా ఉంచితే కాలిన గాయాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. ఆపిల్ సైడర్ వెనిగర్‌లో సుమారు 5 శాతం అసిటిక్ ఆమ్లం. ముక్కు మీది మచ్చలు పోవాలని అది రాసుకున్న ఒక 14 ఏళ్ల అమ్మాయికి చర్మం కాలిపోయిన ఉదంతం 2015లో ప్రచురితమైంది.

చర్మ డాక్టరూ కాలుస్తాడు కదా? కాలుస్తాడు. కరెంటుతోనో, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌తోనో. ఎంత లోతున ఆపాలో తెలిసి కాలుస్తాడు. సహజం, రసాయనం అన్న వాదన ఇక్కడ అక్కరకు రాదు. సున్నమూ సహజమే, జీడి రసమూ సహజమే. మన గోధుమ రంగు, చామనఛాయ చర్మాలకు ఇంకో బెడద ఉంది: కాలినచోట నెలల తరబడి నల్ల మచ్చ ఉండిపోతుంది. ఛాతీ, భుజాల మీదైతే కొందరికి కీలాయిడ్‌గా ఉబ్బుతుంది. ఆవగింజంత బొడిపె పోయి రూపాయి బిళ్లంత మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పోవాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు పూస్తారు, అది మరో పురాణం.

ఇంతవరకూ మాట్లాడింది పులిపిరి గురించి. ఇంట్లో మందు రాసేవాళ్లలో చాలామందికి ఉన్నది అసలు అది కాదు.

మెడ చుట్టూ, చంకల్లో, కనురెప్పల మీద మెత్తగా, చిన్న కాడతో వేలాడే బొడిపెలు స్కిన్ ట్యాగ్‌లు. వాటికీ హెచ్‌పీవీకీ సంబంధం ఉన్నట్టు గట్టిగా తేలలేదు, అంటుకునేవీ కావు. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఒకటో రెండో ఉంటాయని అంచనా. రాపిడి, బరువు, వయసు, గర్భం, వంశం, ఇవి కారణాలు. ఒకటీ అరా ఉంటే పట్టించుకోవాల్సిన పని లేదు. మెడ నిండా గుత్తులుగా లేస్తూ, మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారుతుంటే మాత్రం సంగతి వేరు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతున్నా సరిగ్గా పనిచేయడం లేదనడానికి అది బయటికి కనిపించే గుర్తు. చాలా ఇళ్లలో దాన్ని మురికి అనుకుని పిల్లల మెడ పీచుతో రుద్దుతారు. పాపం, ఎంత రుద్దినా పోదు.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. మెడ మీది బొడిపెలకు దారం కట్టుకుంటున్నవాళ్లలో ఈ అంచున ఉన్నవాళ్లు ఎందరో. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 మధ్య వస్తే ఆ దశలో ఉన్నట్టు, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ వచ్చినట్టు. ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ చూసే కార్యక్రమం ఉంది. బొడిపె ఎలా తీయించాలన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు. ఈ విషయంలో కాస్మెటిక్ క్లినిక్‌లను కూడా వెనకేసుకురాలేను. లేజర్‌తో పాతిక బొడిపెలు తీసి బిల్లు వేసే చోట షుగర్ చూపించుకున్నారా అని అడగడానికి అర నిమిషం పట్టదు.

గుర్రపు వెంట్రుకతో, దారంతో కట్టడం గురించి ఒక్క మాట. రక్తం ఆగితే బొడిపె ఎండి రాలుతుంది, సూత్రం సరైనదే. శుభ్రం లేక చీము పట్టడం, కనురెప్ప దగ్గర కట్టుకోవడం, లావుపాటి కాడకు కట్టి రోజుల తరబడి నొప్పి భరించడం, ఇవే ఇబ్బందులు.

ఇక బుగ్గల మీద, కళ్ల కింద చిన్నచిన్న నల్ల గింజల్లా లేచేవి. మన దగ్గర అమ్మకుంటే కూతురికి రావడం చాలా ఇళ్లలో చూస్తాం. అవీ వైరస్‌వి కావు, హాని చేయవు, వాటంతటవి పోవు కూడా. ముఖం మీద సున్నం ప్రయోగాలకు ఎక్కువగా బలయ్యేది ఇవే. పుట్టుమచ్చల సంగతి ఇంకా సున్నితం. పుట్టుమచ్చలా కనిపించే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో అరుదు, నిజమే. వచ్చినప్పుడు తరచూ అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. అరికాల్లో నల్లటి మచ్చ పెరుగుతుంటే ఆనెకాయ అనుకుని కోసుకుంటూ, కాల్చుకుంటూ నెలలు పోగొట్టుకుంటారు. రంగు మారినా, అంచు చెదిరినా, రక్తం కారినా, మానకుండా పుండు పడినా దాని మీద ఏమీ రాయకుండా డాక్టరుకు చూపించాలి. డాక్టరు తీస్తే ముక్కను బయాప్సీకి పంపుతాడు. ఇంట్లో పైపైన కాలిస్తే పరీక్షకు సరైన ముక్క మిగలదు, లోపలిది లోపలే ఉంటుంది. జననాంగాల దగ్గర వచ్చేవాటికీ సిగ్గుపడి ఇంట్లో ఏదీ పూయకూడదు.

పుట్టుమచ్చలు, స్కిన్ ట్యాగ్‌లు తీసేస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చుక్కల మందుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అమెజాన్‌కే హెచ్చరిక లేఖ పంపింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి ఈ పనికి తాము ఒక్క మందునూ ఆమోదించలేదని చెప్పింది. వాటిలో ‘నేచురల్’ అని రాసుకున్నవీ ఉన్నాయి.

అయినా జనం ఇంటి వైద్యానికే ఎందుకు వెళ్తారంటే, చర్మ డాక్టర్లు పట్టణాల్లో ఉన్నారు, ఖర్చు అవుతుంది, అందం కోసం అంటే ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఇవన్నీ నిజాలే. ఇంట్లోనే ఏదైనా చేయాలనుకుంటే, అది పులిపిరే అని ఒకసారి తేల్చుకున్నాక, చేతులూ పాదాల మీద వాటికి మెడికల్ షాపులో దొరికే సాలిసిలిక్ ఆమ్లం పూత ఉంది. అనేక ప్రయోగాలను కలిపి చూసినప్పుడు ఉత్తుత్తి పూత కంటే మెరుగని తేలింది. ఇళ్లలో తిరిగే చిట్కాల్లో వేటికీ అంత ఆధారం లేదు. గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన పైపొర గీకి, పులిపిరి మీద మాత్రమే పూయాలి. రోజూ, మూడు నెలల దాకా. మూడు రోజుల్లో మాయం అవదు. ముఖం మీద, పుట్టుమచ్చల మీద పనికిరాదు.

షుగర్ ఉన్నవాళ్లు పాదాల మీద దీన్ని సొంతంగా అసలు వాడకూడదు. స్పర్శ తగ్గిన కాలికి ఆమ్లం కాలుస్తున్నా తెలియదు. ఆనె మీద అతికించే కార్న్ క్యాప్‌లోనూ ఉండేది ఇదే ఆమ్లం, ఇంకా ఎక్కువ గాఢతతో. అది చేసిన పుండు మానక, వేలు తీసేయాల్సిన స్థితి రావచ్చు. ఆ హెచ్చరిక ప్యాకెట్ మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే, వాటిని కొనే పెద్దవాళ్లలో ఎంతమంది చదవగలరు? కౌంటర్ దగ్గర ‘షుగర్ ఉందా అమ్మా’ అని అడిగి ఇవ్వడం మెడికల్ షాపులవాళ్లు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. తెలుగులో పెద్ద అక్షరాల హెచ్చరికకు మాత్రం ఔషధ నియంత్రణ అధికారులు పూనుకోవాలి.