పరామర్శకు వచ్చారా, విచారణకా?

పేదల పేటల్లో తలుపు తట్టే క్రైస్తవ సేవకుల మీద చర్చ ఎప్పుడూ ఒకే చోట చతికిలబడుతుంది. మతం మారుస్తున్నారా, లేదా? ఇరుపక్షాల వాదనలూ పాఠకులకు కంఠతా వచ్చినవే, తిరగదోడను. నన్ను తొలిచే ప్రశ్న వేరు. వచ్చిన మనిషి లోపలికొచ్చి కూర్చున్నాడా, గుమ్మంలోంచే కరపత్రం ఇచ్చి వెళ్లాడా? మళ్లీ వచ్చాడా?

తెలుగు బైబిల్లో యాకోబు పత్రిక దిక్కులేని పిల్లలను, విధవరాళ్లను 'పరామర్శించమంటుంది'. ఎంత చక్కగా కుదిరిన మాట! పరామర్శకు వెళ్లినవాడు ప్రసంగించడు, లెక్క రాసుకోడు. కాసేపు పక్కన కూర్చుంటాడు.

ఈ సంగతి బాగా పట్టుకున్న మనిషి ఎలెన్ రాన్యర్డ్. 1857లో లండన్ సెవెన్ డయల్స్ మురికి సందుల్లో ఆమె 'బైబిల్ స్త్రీల' పని మొదలుపెట్టింది. పెద్దింటి దొరసానులకు తెరుచుకోని తలుపు అదే బతుకు బతికిన ఆడమనిషికి తెరుచుకుంటుందని గ్రహించి, పేద స్త్రీలనే జీతమిచ్చి పంపింది. బైబిలు ఊరికే పంచలేదు, పెన్నీల వాయిదాల మీద అమ్మించింది. తర్వాత దుప్పట్లు, బట్టలు కూడా అలాగే. పిసినారితనం అనిపిస్తుందేమో గానీ, ఈ ఏర్పాటులో రెండు మేళ్లున్నాయి. డబ్బు కట్టే ఆవిడ యాచకురాలు కాదు, కొనుగోలుదారు; అక్కర్లేదనుకుంటే అక్కర్లేదని మొహం మీదే చెప్పగలదు. ఇక వాయిదా వసూలు చేయాలంటే వచ్చినావిడ మళ్లీ మళ్లీ రాక తప్పదు. అలా తిరగ్గా తిరగ్గా మంచాన పడ్డవాళ్లు కంటపడ్డారు. 1868 నాటికి అదే సంస్థ నర్సులను తయారుచేసి ఇళ్లకు పంపింది.

అంతకుముందే, 1819లో, గ్లాస్గోలో థామస్ చామర్స్ అనే పాస్టర్ దాదాపు పదివేల మంది ఉన్న సెయింట్ జాన్స్ పారిష్‌ను, అంటే తన చర్చి పరిధిలోని పేటను, 25 భాగాలు చేసి ఒక్కోదానికి ఒక్కో డీకన్‌ను, అంటే చర్చి తరఫున పేదల బాగోగులు చూసే మనిషిని, పెట్టాడు. సాయం అడిగిన ఇంటికి డీకన్ వెళ్లి, ముందు కష్టపడే దారి ఉందా, ఆదుకునే బంధువులున్నారా అని ఆరా తీయాలి. పేదల కోసం పన్ను వసూలు చేయడమే అనవసరమని నిరూపించడం ఆయన పట్టుదల. 1869లో లండన్‌లో పుట్టిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఈ ఆరానే శాస్త్రం చేసి, అర్హులైన పేదలు, అనర్హులైన పేదలు అని గీత గీసింది. తట్టే తలుపు అదే, వచ్చినవాడు మాత్రం దర్యాప్తు అధికారి.

ఆకలితో ఉన్నవాడికి అన్నం చూపించి దేవుణ్ణి అంటగడుతున్నారన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. బియ్యం మూటకు ప్రార్థన షరతు తగిలిస్తే అది పరిచర్య కాదు, బేరం. కానీ పేదవాడు మూటకు మనసు అమ్మేసుకుంటాడని తేల్చేయడంలో వాడి మీద జాలి కంటే చులకనే ఎక్కువ. ఎవరికి ఏం చెప్పి పంపాలో పేట ఆడవాళ్లకు బాగా తెలుసు.

అసలు దెబ్బ మరోవైపు నుంచి పడింది. సోషల్ వర్క్‌కు పునాది వేసిన మేరీ రిచ్‌మండ్ 1899లో రాసిన పుస్తకం పేరులో 'స్నేహపూర్వక సందర్శన' ఉంది. 1917 నాటి ఆమె ప్రసిద్ధ గ్రంథం పేరు 'సామాజిక రోగనిర్ధారణ'. పద్దెనిమిదేళ్లలో స్నేహితురాలు కేసు అయిపోయింది. ఆ దారిలోనే నడిచిన ప్రభుత్వాలు ఫారం దాకా వచ్చి ఆగాయి. జాబితాలో పేరు ఎక్కించడానికి ఎవరో ఒకరు వస్తారు. పేరు కొట్టేశాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా అని చూసిపోవడం ఎవరి ఉద్యోగమూ కాదు. సాయం హక్కుగా రావాలన్నదే నా మాట కూడా. ఆ హక్కు వెంట ఒక మనిషి రాకూడదని ఎవరు చెప్పారు?

ఆ పని ఇంకా చేయగలిగిన కొద్దిమందిలో క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. తీరా వాటికీ లెక్కల జబ్బు పట్టుకుంది. ఈ నెల ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎన్ని కరపత్రాలు పంచారు, ఎందరు కూటానికి వచ్చారు. రిజిస్టర్ తప్పదంటే 'ఎన్ని ఇళ్లు' అన్న గడి కొట్టేసి, 'ఈ ఇంటికి ఎన్నోసారి' అని రాయించండి.